గోడమీది నీళ్ల చార
(మన చేతిపని)



గడచిన సంచికలో అట్టముక్కలతో చిన్న ఇల్లు కట్టే విధానము వ్రాసియున్నాము. అది చూచి చేసిన కొందరు తల్లిదండ్రులు, సండేస్కూలు టీచర్లు మమ్మును ఒకే మాట అడిగారు. "ఇల్లు చక్కగా నిలబడింది. కాని ఎంత మంచి రంగు వేసినా అది బొమ్మలాగే ఉంది, ఇల్లులాగా లేదు. ఏమి చేయాలి?" మంచి ప్రశ్న. మీ ఇల్లు ఇంకా ఎండ ఎరుగదు, వాన ఎరుగదు. అందులో ఎవరూ దీపం పెట్టలేదు, దాని తలుపు ఎవరూ తియ్యలేదు. అందుకే అది బొమ్మలాగా ఉన్నది.

చిన్న రైళ్లు, ఓడలు, ఇండ్లు కొలతప్రకారం చేసేవారు ఇంగ్లాండు, అమెరికా, జపాను దేశాలలో చాలామంది ఉన్నారు. వస్తువు కట్టడం ముగిసిన తరువాత దానికి ఎండావానల గుర్తులు పెట్టడం వారి దృష్టిలో వేరే పని. దానిని 'వెదరింగ్' అంటారు. అందుకోసం ప్రత్యేకమైన పొడులు, రంగునీళ్లు ఖరీదైన సీసాలలో అమ్ముతారు. మనకు అవి అవసరం లేదు. మన వంటింట్లో, పొయ్యిలో, పిల్లల పలకల పెట్టెలో ఉన్నవి చాలును. ఈ నెల ఆ సంగతి వ్రాస్తాము. అయితే ఈ పని మాకు ఎందుకు నేర్చుకోవలసి వచ్చినదో ముందు చెప్పాలి. మాకు నేర్పినది మా సంఘములోని ఒక మామ్మగారు.

మా ఊరు దివిసీమ దాపున ఉన్నది. మా పాత గుడి ఇటుకతో, సున్నంతో మా తాతల కాలంలో కట్టినది. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పైన మంగుళూరు పెంకులు. దూలాలకు చెదలు పట్టి, వాన వస్తే పిల్లలను లోపల కూర్చోబెట్టడానికి భయపడే స్థితి వచ్చినది. 2018లో దానిని విప్పి క్రొత్త మందిరము కట్టాలని సంఘము తీర్మానించింది. విప్పకముందు దాని నమూనా ఒకటి చేసిపెట్టమని కమిటీవారు మమ్మును కోరారు. యౌవనస్తుల సమాజములోనుండి నలుగురు పిల్లలను కూర్చుకొని పని మొదలుపెట్టాము.

కొలత అడుగుకు పావు అంగుళం చొప్పున పెట్టుకున్నాము. అంటే అసలు గుడి నమూనాకు నలభై ఎనిమిది రెట్లు పెద్దది. ఈ లెక్కన గుడి పది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు వచ్చినది. పన్నెండు అడుగుల గోడ మూడు అంగుళాలైనది. దళసరి అట్టతో గోడలు నిలబెట్టాము. గాడుల అట్టపెట్టె పైపొర తడిపి ఒలిస్తే లోపలి వరుసలు బయటపడతాయి; వాటినే పెంకుల వరుసలుగా పరచాము. గోడకు తెల్లని రంగు, పెంకులకు నిగనిగలాడే ఎరుపు, తలుపులకు ఆకుపచ్చ వేశాము. ఆదివారం ఆరాధన అయిన తరువాత బల్లమీద పెట్టితే అందరూ మెచ్చుకున్నారు.

మామ్మగారు మాత్రం చివరిదాకా ఉండి, కళ్లజోడు పెట్టుకొని, చుట్టూ తిరిగి చూచింది.

"చాలా బాగుంది నాయనా, ఇది ఏ ఊరి గుడి?"

"మనదే మామ్మా."

"మన గుడి గోడకు నీళ్ల చార ఉండాలి గదా. ఆ చార లేకపోతే ఆ రాత్రి నేను ఎక్కడ నిలబడినట్లు?"

మాకు నోట మాట రాలేదు. 1977 నవంబరు 19వ తేదీన సముద్రము దివిసీమ మీదికి వచ్చిన సంగతి మన పాఠకులలో పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఊళ్లకు ఊళ్లు కొట్టుకొనిపోయాయి. వేలమంది చనిపోయారు. మా ఊరు కొంత లోపలికి ఉన్నందున కెరటము విరిగి వచ్చినది. అయినా ఆ రాత్రి గుడిలో నీరు మనిషి రొమ్ము దాకా నిలిచినది. మామ్మగారు ఇద్దరు పిల్లలతో గుడిలోనికి వచ్చి, పడమటి కిటికీ ప్రక్క బెంచీ ఎక్కి, ఊచలు పట్టుకొని నిలబడినది. తెల్లవారేసరికి ఆమె చంకలో ఒక్క బిడ్డ మిగిలినది.

నీళ్లు తీసిన తరువాత గోడకు ఒక చార మిగిలిపోయినది. అది ఉప్పునీటి చార. గోడ ఇటుక ఉప్పును పీల్చుకున్నది. ప్రతి క్రిస్మస్‌కు వెల్ల వేసేవాళ్లము. వానాకాలము వెళ్లేసరికి ఆ చార మళ్లీ పైకి వచ్చేది. ఉప్పు గాలిలోని తేమను పట్టుకొని నీరవుతుంది, ఎండకాలములో ఆరి తెల్లని పొడిగా గోడ పైకి పూస్తుంది. పైన వేసిన సున్నాన్ని కూడ అదే రాల్చివేస్తుంది. చిన్నవాళ్లమైన మేము దానిని గోడకు పట్టిన చెమ్మ అనుకొని ఊరుకున్నాము. కొలతలు తీసినప్పుడు కిటికీలు కొలిచాము, దూలాలు కొలిచాము, ఆ చారను కొలవలేదు.

మరునాడు కమిటీలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దాయన గట్టిగా అడ్డుచెప్పారు. "దేవుని మందిరానికి మురికి పూస్తారా? నలభై ఏండ్లు నా చేతులతో వెల్ల వేసినాను, ఆ చార కనబడకూడదనే వేసినాను. దాన్ని మీరు రంగుపెట్టి మళ్లీ గీస్తారా?" అన్నారు. మా పిల్లలలో ఒకడు, బైబిలు బాగా చదివేవాడు, ఇంకొక చిక్కు తెచ్చాడు. "అయ్యా, క్రొత్తదానిని పాతదిగా కనబడేటట్లు చేయడం గిబియోనువారు చేసిన పని కాదా?"

యెహోషువ గ్రంథము 9వ అధ్యాయము చదివినవారికి ఆ సంగతి తెలియును. గిబియోనువారు ప్రక్క ఊరివారే. అయినా పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టె పట్టుకొని, ఎంతో దూరమునుండి వచ్చినట్లు ఇశ్రాయేలు పెద్దలను నమ్మించారు. పెద్దలు ఆ రొట్టెను చూచారు గాని యెహోవాయొద్ద విచారణ చేయలేదు. పాతదనము కూడ అబద్ధమాడగలదు. ఆ పిల్లవాని మాటను మేము తేలికగా తీసివేయలేకపోయాము.

అయితే అదే బైబిలులో యెహెజ్కేలు గ్రంథము 4వ అధ్యాయము కూడ ఉన్నది. ప్రవక్త ఒక ఇటుక తీసికొని దానిమీద యెరూషలేము పట్టణపు రూపము గీయాలి, దాని చుట్టు ముట్టడి దిబ్బలు వేయాలి, ఇనుప రేకును గోడగా నిలబెట్టాలి. చిన్న నమూనా చేసి జనులకు చూపించమని దేవుడే సెలవిచ్చాడు. ఆ నమూనా ముద్దుగా ఉండడానికి చేసినది కాదు. పట్టణానికి రాబోయే శ్రమను ఉన్నది ఉన్నట్లు చెప్పడానికి చేసినది.

ఇవి రెండు ప్రక్కప్రక్కన పెట్టుకొని ఆలోచించి ఒక నియమము పెట్టుకున్నాము. మన ఊహతో ఒక్క మరక కూడ పెట్టకూడదు. ఏ గుర్తు పెట్టినా, "అవును, అక్కడ అది ఉన్నది, ఇందువలన వచ్చినది" అని సాక్ష్యము చెప్పే మనిషి ఒకరు ఉండాలి. సాక్షి లేని మరక గిబియోను రొట్టెవంటిది.

ఇంగ్లాండులో ఇటువంటి నియమముతో పనిచేసిన మనిషి ఒకడు ఉన్నాడని తరువాత తెలిసికొని సంతోషించాము. రాయ్ ఇంగ్లండ్ అనే అతడు ఆస్ట్రేలియానుండి 1925లో ఆ దేశము వచ్చాడు. అక్కడి పల్లెలలోని గడ్డికప్పుల పాత ఇండ్లు ఒక్కొక్కటిగా మారిపోవడం, పడిపోవడం చూచి, అవి పోకముందే వాటి నమూనాలు చేయాలని జీవితమంతా ఆ పనికే ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని లాంగ్ విటెన్‌హామ్ అనే గ్రామములో 1954లో ప్రారంభమైన పెండన్ మ్యూజియము అతని పనియే. అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల కొలతతో, అట్టతో కట్టి, నీటిరంగులతో తీర్చిన ఆ ఇండ్లు ఊహాచిత్రాలు కావు. నిజమైన ఇండ్లను కొలిచి, ఫొటోలు తీసి చేసినవి. 1995లో అతడు కన్నుమూసిన తరువాత కూడ ఆ పని సాగుతూనే ఉన్నది.

మేము సాక్షులను పిలిచాము. రెండు ఆదివారాలు సాయంత్రం పాత గుడిలోనే కూర్చున్నాము. ఒకాయన దీపపు గూడు చూపించి, కరెంటు రాకముందు లాంతరు అక్కడే పెట్టేవారమని, దానిపైన మసి అందువలననేనని చెప్పాడు. ఒక అమ్మ తలుపు చెక్క చూపించి, ఈ నలుపు మా చేతుల నూనె అన్నది. 1990 మే నెల తుఫానులో ఎగిరిపోయిన పెంకుల స్థానములో వేరే రంగు పెంకులు ఎక్కడెక్కడ వేసినదీ ఒక తాపీమేస్త్రి వ్రేలుపెట్టి చూపాడు. నీళ్ల చార ఎంత ఎత్తున ఉన్నదని అడిగితే పాత వెల్ల క్రింద అది సరిగా కనబడక అందరూ తలొక మాట చెప్పారు. అప్పుడు, ముందు అడ్డుచెప్పిన పెద్దాయన లేచి, గోడ దగ్గరకు వెళ్లి, కిటికీ గట్టుమీద జాన పెట్టి, బొటనవ్రేలు ఆగిన చోట గోరుతో గీటు పెట్టారు. "ఇక్కడ. నలభైసార్లు కప్పినవాడికి తెలియదా?" అని వెళ్లి కూర్చున్నారు. నేలనుండి నాలుగున్నర అడుగులు. మా నమూనాలో అంగుళముపైన ఒక నూలు.

ఇక పని సంగతి. వరుస తప్పకుండా చేయండి.

మొదటిది, గోడ. కొన్న తెల్లరంగు గోడలాగ ఉండదు. జల్లించిన సున్నంలో కొంచెం ఫెవికాల్, నీళ్లు కలిపి అట్టకు రెండు పూతలు వేయండి. పలుచగా వేసి పూర్తిగా ఆరనివ్వాలి. అక్కడక్కడ సన్నని పగులు వస్తే రానివ్వండి. సున్నంలో చిటికెడు పసుపు మట్టిరంగు కలిపితే పాలిపోయిన వెల్లవలె ఉంటుంది. చిన్న వస్తువుకు రంగు ఎప్పుడూ కొంచెం పాలిపోయినట్లు ఉండాలి. దూరముగా ఉన్న కొండ వెలిసిపోయినట్లు కనబడుతుంది గదా! నమూనా కూడ దూరమునుండి చూచిన వస్తువువంటిదే. సున్నము కంటిలో పడకుండా పిల్లలకు జాగ్రత్త చెప్పండి.

రెండవది, పెంకుల ఎరుపు. ఇటుకపొడి దంచి, పలుచని గుడ్డలో వస్త్రఘాళితము పట్టి, ఫెవికాల్ నీళ్లతో పూయండి. సీసాలోని ఎరుపుకన్న ఇది నిజముగా ఉంటుంది, ఎందుకంటే ఇది పెంకు రంగే. పసుపు మట్టిలో ఇనుము తుప్పు నీటితో కలిసి ఉంటుంది. కాలిస్తే ఆ నీరు పోయి మట్టి ఎర్రబడుతుంది. కుండ, ఇటుక, పెంకు ఎర్రనగుట ఇందువలననే. చిత్రకారులు వాడే 'బర్న్ట్ సియెన్నా' అనే రంగు కూడ ఇటలీలోని సియెన్నా పట్టణము పేరుమీద వచ్చిన మట్టిని కాల్చి చేసినదే. మంగుళూరు పెంకుల కథలో మన మిషనరీలకు కూడ పాలున్నది. 1860ల ప్రాంతములో బాసెల్ మిషన్‌వారు అక్కడ పెంకుల ఫ్యాక్టరీలు పెట్టి, విశ్వాసములోనికి వచ్చి ఆధారము పోగొట్టుకున్నవారికి పని చూపించారు.

మూడవది, రంగునీళ్లు. నీటిరంగుల పెట్టెలోని ముదురు గోధుమరంగు ఒక వంతుకు పది వంతుల నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బునీరు ఒక చుక్క కలపండి. సబ్బు లేకపోతే నీరు ముత్యాలవలె నిలుస్తుంది. సబ్బు ఉంటే సందులలోనికి ప్రాకుతుంది. కుంచెతో పైనుండి పెట్టి, మెరకలమీద గుడ్డతో అద్దివేయండి. ఇక్కడ మేము ఒక తప్పు చేశాము. పెంకులకు ముందు వేసిన ఎరుపు పోస్టరు రంగు. దానిపైన రంగునీళ్లు పోసేసరికి క్రింది రంగు కరిగి అంతా బురద అయినది. కప్పు మళ్లీ చేయవలసి వచ్చినది. నీటిలో కరిగే రంగుపైన నీళ్లు పోయరాదు. ముందుగా పలుచని ఫెవికాల్ పూత గాని, వార్నిషు గాని వేసి ఆరనివ్వండి. లేదా క్రింద నీటిరంగు ఉంటే పైన టర్పెంటైనులో కలిపిన నూనెరంగు వాడండి. టర్పెంటైను దగ్గర దీపము, పొయ్యి ఉండరాదు.

నాలుగవది, పొడి కుంచె. కుంచెకు లేతరంగు ముంచి, పాతగుడ్డమీద దాదాపు అంతా తుడిచివేసి, మిగిలిన కొంచెముతో మెరకలమీద మెల్లగా దువ్వండి. పెంకుల అంచులు, ఇటుకల మూలలు తేలుతాయి. రంగునీళ్లు పల్లములను చూపిస్తాయి, పొడి కుంచె మెరకలను చూపిస్తుంది.

అయిదవది, పొడులు. బొగ్గు, సుద్దముక్క, ఇటుక, పొయ్యి బూడిద వేరువేరుగా ఉప్పుకాగితంమీద రుద్ది వస్త్రఘాళితము పట్టండి. మెత్తని పాత కుంచెతో అద్దాలి. లాంతరు మసికి నిజమైన దీపపు మసియే వాడాము. పొడిమీద వార్నిషు చల్లితే సగము మాయమగును గనుక, కొంచెము ఎక్కువగా అద్దండి, లేదా అద్దిన తరువాత ముట్టకుండా అద్దాల పెట్టెలో పెట్టండి.

ఆరవది, పాత కర్ర. తలుపులకు ఐస్ పుల్లలు వాడాము. రంగుతో బూడిదవన్నె తేవాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. చివరకు చిక్కని టీ డికాషను పూసి ఆరనిచ్చి, పైన ఇనుపనీళ్లు పూశాము. గిన్నెలు తోమే ఇనుప పీచును వెనిగరులో రెండు దినాలు నానబెడితే అదే ఇనుపనీళ్లు. సీసా మూత బిగించరాదు, లోపల గాలి పుడుతుంది. టీలోని వగరుకు ఇనుము తగిలితే కర్ర మన కళ్లముందే నల్లబడుతుంది. ఇది మనవారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టి కసిమి చేస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డమీద దానితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. అక్కడ కరక్కాయ చేసే పనియే ఇక్కడ టీ చేస్తుంది.

ఏడవది, రాలిన రంగు. కిటికీ రెక్కలకు ముందు గోధుమరంగు వేసి ఆరనిచ్చి, అంచులకు కొవ్వొత్తి రుద్ది, పైన ఆకుపచ్చ వేయండి. ఆరిన తరువాత గోటితో గీకితే మైనమున్న చోట పచ్చరంగు లేచిపోయి క్రింది కర్ర కనబడుతుంది. గంటకు, గొళ్లేనికి నలుపు వేసి, పెన్సిలు ముల్లు పొడి వ్రేలితో రుద్దితే చేతులు తగిలి అరిగిన ఇనుమువలె మెరుస్తుంది.

ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో మరచిపోతే ఈ మాట జ్ఞాపకముంచుకొనండి: నీరు పైనుండి క్రిందికి, పొగ క్రిందినుండి పైకి, చెయ్యి రొమ్ము ఎత్తున, పాదము గడపమీద. మరక దాని దారిన అది పోవాలి. చూరులేని చోట వాన చార, దీపములేని చోట మసి పెట్టితే చిన్నపిల్లవాడు కూడ పట్టివేస్తాడు.

ఇక మిగిలినది నీళ్ల చార. దానికి మేము చాల తంటాలు పడ్డాము. సుద్దపొడి అద్దితే వెల్లలో కలిసిపోయినది. గోధుమరంగు గీస్తే గోడకు పట్టీ కట్టినట్లున్నది. మామ్మగారు వచ్చి చూచి, "అది గీత కాదు నాయనా, గోడలోనుండి వచ్చేది" అన్నది. ఆ మాటతో మాకు తోచినది. లోపలినుండి వచ్చినదానిని పైన గీయడమెట్లు? గళ్లుప్పు తెచ్చి, కరిగినంత మట్టుకు గోరువెచ్చని నీటిలో కరిగించి, గోడ అడుగునుండి గుర్తుపెట్టిన ఎత్తుదాకా సున్నపుపూత పీల్చుకున్నంతవరకు పట్టించాము. రెండు దినాలు ఎండలో పెట్టాము. మూడవనాడు ఉదయము చూస్తే అంచువెంట తెల్లని ఉప్పు పూత, వంకరటింకరగా, పాత గోడమీద ఉన్నట్లే పూచినది. మేము గీసినది కాదు. ఉప్పు తనంతట తానే పైకి వచ్చినది.

ఆదివారము మామ్మగారిని పిలిచాము. ఆమె పడమటి కిటికీ దగ్గర వంగి చాలసేపు చూచింది. చారమీద చిటికెనవ్రేలు పెట్టి నాలుకకు అద్దుకున్నది. "అదే" అన్నది. ఇంకేమీ అనలేదు. పెద్దాయన ఆమె వెనుక నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఆయన కూడ ఆ గుడిలోనే ఉన్నారనీ, కొట్టుకొనిపోయిన బిడ్డను పట్టుకోబోయి పట్టుకోలేకపోయినది ఆయనేననీ మాకు ఆ రోజు తెలిసినది. నలభై ఏండ్లు ఒకరు దానిని చూడాలని వచ్చి అదే కిటికీ ప్రక్క కూర్చున్నారు, ఒకరు దానిని చూడలేక వెల్ల వేశారు. ఇద్దరూ ఒకే బిడ్డను గూర్చి దుఃఖపడుతున్నారని ఒకరికొకరు చెప్పుకొనలేదు. ఆ దినము బల్ల దగ్గర ఇద్దరూ కలిసి కూర్చుంటే పాస్టరుగారు ప్రార్థన చేశారు.

ఇప్పుడు ఆ నమూనా క్రొత్త మందిరములో అద్దాల పెట్టెలో ఉన్నది. ఒక వింత చెప్పాలి. ఉప్పు తన స్వభావము మానలేదు. వానాకాలములో చార తడిసి నల్లగా అవుతుంది. చలికాలములో ఆరి, క్రిస్మస్ నాటికి తెల్లగా పూస్తుంది. క్రొత్త గోడకు చార లేదు, ఉండనక్కరలేదు. కాని సండేస్కూలు పిల్లలు పెట్టె చుట్టూ చేరి "ఇదేమిటి?" అని అడుగుతారు. యొర్దాను దాటినప్పుడు నది మధ్యనుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టించినది కూడ, పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పడానికే గదా! రాయి ఉంటే చాలదు. అడిగే పిల్లవాడు, చెప్పే పెద్దవాడు ఇద్దరూ ఉండాలి.

కనుక తల్లిదండ్రులారా, ఈ నెల ఒక సాయంత్రము పిల్లలతో కలిసి మీ ఇల్లు గాని, మీ గుడి గాని, క్రిస్మస్‌కు పశువుల పాక గాని చేయండి. రంగు వేసేముందు ఇంట్లో పెద్దవారిని పిలిచి, "ఈ మరక ఎట్లా వచ్చింది?" అని అడగండి. గోడమీద మసి ఎక్కడిది, గడప ఎందుకు అరిగినది, ఆ చెక్కకు మాసిక ఎవరు వేశారు. వారు చెప్పినదే పెట్టండి, చెప్పనిది పెట్టవద్దు. కొందరు చెప్పలేక ఊరుకుంటారు. అప్పుడు బలవంతపెట్టవద్దు, వారి ప్రక్కన కూర్చొని సున్నము కలపండి. చేతులకు పని ఉన్నప్పుడు నోటికి మాట వస్తుంది.

కుటుంబ ప్రార్థనలో యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము, 9వ అధ్యాయము రెండూ చదువుకొని, సాక్ష్యము చెప్పే రాళ్లకు, మోసము చేసిన రొట్టెకు భేదమేమిటో పిల్లలనే చెప్పనివ్వండి.

వచ్చే నెల కొబ్బరిపీచు, ఎండుగడ్డితో పాకకు కప్పు వేసే విధానము వ్రాస్తాము. అంతవరకు ప్రభువు కృప మీ గృహములకు తోడైయుండును గాక.